క్లీన్ చేస్తే తప్ప కుదరని బిల్డ్: మేక్‌కి ఏం తెలుసు, ఏం తెలియదు

ప్రోగ్రామర్ల మధ్య రోజూ వినపడే సలహా ఒకటుంది: "ఒకసారి క్లీన్ కొట్టి మళ్లీ బిల్డ్ చెయ్యి." అంటే ఇదివరకు తయారైన ఫైళ్లను చెరిపేసి, మనం రాసిన సోర్సు కోడ్ నుంచి ప్రోగ్రాంని మళ్లీ మొదటి నుంచి తయారుచెయ్యమని. అప్పటిదాకా పిచ్చి లెక్కలు చూపించిన ప్రోగ్రాం ఆ తర్వాత బుద్ధిగా నడుస్తుంది. సోర్సులో ఒక్క అక్షరం కూడా మార్చి ఉండం. హమ్మయ్య అనుకుని అందరూ తర్వాతి పనిలో పడిపోతారు. కానీ కోడ్ మారనప్పుడు ఫలితం ఎందుకు మారింది? ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకుంటే బిల్డ్ టూల్ పనిచేసే తీరంతా బయటపడుతుంది. సి ప్రోగ్రాంలకు వాడే మేక్ అయినా, జావాకి వాడే మావెన్ అయినా, లినక్స్ కెర్నెల్‌లోకి (ఆ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలోకి) ఎక్కించే మాడ్యూల్ అయినా చివరికి తేలేది ఒకటే: ఏ ఫైల్ దేని మీద ఆధారపడిందో టూల్‌కి చెప్పాల్సినదాంట్లో ఎక్కడో ఒకటి చెప్పకుండా వదిలేశాం.

టెర్మినల్‌లో మేక్ అని కొట్టి ఎంటర్ నొక్కితే కంపైల్ అయిపోతుంది కాబట్టి, కంపైల్ చేసేది మేకే అనుకుంటారు కొత్తవాళ్లు. కంపైల్ చేసేది జీసీసీ లాంటి కంపైలర్. ఒక్కో సోర్సు ఫైల్‌నీ యంత్రభాషలోకి మార్చి అది ఇచ్చే ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపి నడిచే ప్రోగ్రాంగా మార్చేది లింకర్. సి ఫైల్ కనపడితే ఏ కమాండ్ పిలవాలో చెప్పే సిద్ధ నియమాలు కొన్ని మేక్‌లో ఉన్న మాట నిజమే గానీ, ఆ ఫైల్ లోపల ఏం రాసి ఉందో అది చదవదు. దాని పని ఒక నిర్ణయం: ఇప్పుడు దేన్ని మళ్లీ తయారుచెయ్యాలి, దేన్ని ముట్టుకోనక్కర్లేదు. ఈ రెండో సగంలోనే దాని విలువంతా ఉంది. అన్నిటినీ ప్రతిసారీ కంపైల్ చెయ్యడానికి నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు చాలు. వేల ఫైళ్లున్న ప్రాజెక్టులో ఒక ఫైల్ మార్చినప్పుడు ఆ ఒక్కదాన్నీ, దాని మీద ఆధారపడ్డవాటినీ మాత్రమే కంపైల్ చేసి మిగతావాటిని ధైర్యంగా వదిలెయ్యాలంటే మేక్ లాంటిది కావాలి.

ఇది పుట్టింది కూడా అలాంటి ఇబ్బందిలోంచే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో, కోడ్ వ్యాకరణాన్ని విడదీసి చూసే పార్సర్లను తయారుచేసే యాక్ అనే టూల్ రాసిన స్టీవ్ జాన్సన్ ఒక రోజు స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదికి విసుక్కుంటూ వచ్చాడు. సరిగ్గానే ఉన్న ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ ఉదయమంతా పోగొట్టుకున్నాడట. బగ్ అప్పటికే సరిచేశాడు. సరిచేసిన ఫైల్‌ని మళ్లీ కంపైల్ చెయ్యడం మర్చిపోయాడు, అంతే. అంతకు ముందు రోజు సాయంత్రం ఫెల్డ్‌మన్ కూడా తన ప్రాజెక్టులో ఇదే అవస్థ పడ్డాడు. ఆ వారాంతంలోనే మేక్ తయారైంది. ఆ పనికి 2003లో ఆయనకు ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం ఇచ్చే సాఫ్ట్‌వేర్ సిస్టం అవార్డు వచ్చింది. మేక్ చదివే నియమాల ఫైల్‌ని మేక్‌ఫైల్ అంటారు. అందులో కమాండ్ లైన్ తప్పనిసరిగా ట్యాబ్‌తో మొదలవ్వాలనే నియమం కూడా అప్పటిదే. కొన్ని వారాలకే దాన్ని మార్చాలనిపించినా, అప్పటికే వాడుతున్న పన్నెండు మంది దాకా స్నేహితులను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక వదిలేశానని ఆయనే చెప్పాడు. ట్యాబ్ బదులు ఖాళీలు పెట్టినందుకు "మిస్సింగ్ సెపరేటర్" అని ఈ రోజుకీ తిట్లు తింటున్న ప్రతి ఒక్కరికీ ఆ డజను మందితో బాకీ ఉన్నట్టే.

ఇక మేక్ నిర్ణయం ఎలా తీసుకుంటుందో దగ్గరగా చూద్దాం. చిన్న మేక్‌ఫైల్ ఇది:

బ్యాంకు: మెయిన్.ఓ ఖాతా.ఓ
    జీసీసీ -ఓ బ్యాంకు మెయిన్.ఓ ఖాతా.ఓ
మెయిన్.ఓ: మెయిన్.సి
    జీసీసీ -సి మెయిన్.సి
ఖాతా.ఓ: ఖాతా.సి
    జీసీసీ -సి ఖాతా.సి

కోలన్‌కి ఎడమవైపు ఉన్నది టార్గెట్, అంటే తయారవ్వాల్సింది. కుడివైపు ఉన్నవి అది తయారవ్వడానికి కావాల్సినవి. కిందిది తయారుచేసే కమాండ్. మేక్ వీటన్నిటినీ కలిపి ఒక గ్రాఫ్ గీసుకుంటుంది: బ్యాంకు కావాలంటే రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లు కావాలి, అవి కావాలంటే వాటి సోర్సులు కావాలి. అట్టడుగు నుంచి పైకి వస్తూ ప్రతి చోటా ఒకే ప్రశ్న వేస్తుంది: టార్గెట్ ఫైల్ అసలు ఉందా, ఉంటే దానికి కావాల్సిన వాటిలో ఏదైనా దానికన్నా తర్వాత మారిందా? లేకపోయినా, పాతబడినా కింది కమాండ్ నడుపుతుంది. లేదంటే వదిలేస్తుంది. ఈ పోలికకు ఆధారం ఫైల్ చివరిసారి మారిన సమయం. అంతకు మించిన తెలివేమీ అందులో లేదు.

ఇందులో ఒక లోపం ఉంది. మెయిన్.సి, ఖాతా.సి రెండూ ఖాతా.హెచ్ అనే హెడర్‌ని (రెండిటికీ ఉమ్మడిగా కావాల్సిన నిర్వచనాలున్న ఫైల్‌ని) ఇంక్లూడ్ చేస్తాయనుకుందాం. ఆ హెడర్‌లో ఒక స్ట్రక్చర్, అంటే కొన్ని విలువలను వరసగా పేర్చే మూస, ఉంది: మొదట ఖాతా నంబరు, తర్వాత నిల్వ, రెండూ నాలుగేసి బైట్ల పూర్ణాంకాలు. నంబరు సున్నా దగ్గర మొదలవుతుంది, నిల్వ నాలుగో బైటు దగ్గర. ఇప్పుడు ఎవరో ఆ రెండింటి మధ్యలో "రకం" అనే ఇంకో పూర్ణాంకాన్ని చేర్చారు. నిల్వ ఎనిమిదో బైటుకి జరిగింది. ఖాతా.సిలో కూడా రకాన్ని నింపే లైను రాసి మేక్ కొట్టారు. ఖాతా.సి మారింది కాబట్టి ఖాతా.ఓ మళ్లీ కంపైల్ అయింది. మెయిన్.సిని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి మేక్ దాని జోలికి పోలేదు. హెడర్ పేరు మేక్‌ఫైల్‌లో ఎక్కడా లేదు మరి.

లింకర్ ఈ రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లనూ నిక్షేపంగా కలిపేస్తుంది. సి భాషలో లింకర్ చూసేది ఫంక్షన్ పేర్లు కలిశాయా లేదా అనే. స్ట్రక్చర్‌లో ఏది ఏ బైటు దగ్గర ఉందనే సంగతి అప్పటికే అంకెలుగా మారిపోయి ఆబ్జెక్ట్ ఫైల్‌లో కలిసిపోయింది. ప్రోగ్రాం నడిపితే ఖాతా.ఓ నిల్వను ఎనిమిదో బైటు దగ్గర రాస్తుంది, మెయిన్.ఓ నాలుగో బైటు దగ్గర చదువుతుంది. నిల్వ అడిగితే రకం వస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. డీబగ్గర్‌లో చూస్తే ఒక ఫంక్షన్‌లో సరిగ్గా ఉన్న విలువ ఇంకో ఫంక్షన్‌లోకి రాగానే మారిపోయి కనపడుతుంది. సోర్సు ఎంతసేపు చదివినా అందులో తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. క్లీన్ చేస్తే మెయిన్.ఓ కూడా పోతుంది, కొత్త హెడర్‌తో మళ్లీ తయారవుతుంది, అంతా సర్దుకుంటుంది. ఆ సలహా పనిచెయ్యడం వెనక ఉన్నది ఇదే.

హెడర్ పేర్లన్నీ చేత్తో మేక్‌ఫైల్‌లో రాస్తే సరిపోదా అంటే, కాగితం మీద సరిపోతుంది. ఒక హెడర్ ఇంకో హెడర్‌ని, అది మరొకదాన్ని పిలుచుకుంటూ పోతుంటే ఆ జాబితాను ఏ మనిషీ సరిగ్గా నిలబెట్టుకోలేడు. ఏ ఫైల్ ఏ హెడర్‌ని తెరిచిందో కచ్చితంగా తెలిసినవాడు కంపైలర్ ఒక్కడే. అందుకే ఆ పని కంపైలర్‌కే అప్పజెప్పాలి. జీసీసీకి, క్లాంగ్‌కి ఎంఎండీ అనే ఆప్షన్ ఇస్తే, ఆబ్జెక్ట్ ఫైల్‌తో పాటు తాను తెరిచిన హెడర్ల జాబితాను మేక్ చదవగలిగే రూపంలోనే ఒక డాట్ డి ఫైల్‌లో రాసి పెడుతుంది. సిస్టం హెడర్లను మాత్రం అందులో చేర్చదు. మేక్‌ఫైల్ చివర ఆ డి ఫైళ్లను ఇంక్లూడ్ చేసుకుంటే చాలు. పక్కనే ఎంపీ ఆప్షన్ కూడా పెట్టడం మంచిది. లేకపోతే ఎప్పుడైనా ఒక హెడర్‌ని తొలగించినప్పుడు, పాత డి ఫైల్‌లో దాని పేరు చూసి, దాన్ని తయారుచేసే నియమం లేదంటూ మేక్ ఆగిపోతుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నట్టు పైకి అనిపిస్తుంది: కంపైల్ చేస్తే గానీ ఆధారాల జాబితా రాదు, ఆ జాబితా ఉంటే గానీ కంపైల్ చెయ్యాలో వద్దో తెలియదు. నిజానికి చిక్కేమీ లేదు, దాన్ని విప్పిన తీరు నాకు చాలా ఇష్టం. మొదటిసారి జాబితా లేదు గానీ ఆబ్జెక్ట్ ఫైల్ కూడా లేదు, కాబట్టి ఎలాగూ కంపైల్ చెయ్యాల్సిందే. రెండోసారి నుంచి పోయినసారి జాబితా చాలు. ఎందుకంటే కొత్త హెడర్ ఏదైనా వచ్చి చేరాలంటే పాత జాబితాలో ఉన్న ఏదో ఒక ఫైల్‌లో ఇంక్లూడ్ లైను మారాలి. అది మారితే ఎలాగూ మళ్లీ కంపైల్ అవుతుంది, కొత్త జాబితా వస్తుంది. ఇంక్లూడ్ దారిలో ముందు వచ్చే ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో హెడర్‌ని కొత్తగా పెట్టడం లాంటి అరుదైన సందర్భాల్లోనే ఈ వాదన తప్పుతుంది.

హెడర్లతో కథ అయిపోదు. ఆబ్జెక్ట్ ఫైల్ సోర్సు మీద మాత్రమే ఆధారపడి లేదు. ఏ ఆప్షన్లతో కంపైల్ చేశాం, ఏ వెర్షన్ కంపైలర్ వాడాం, సిస్టంలో ఏ లైబ్రరీ ఉంది అనేవి కూడా దాని పుట్టుకలో భాగమే. మేక్‌ఫైల్‌లో ఆప్టిమైజేషన్‌ని తీసేసి డీబగ్ ఆప్షన్ చేర్చి మళ్లీ మేక్ కొట్టి చూడండి. అంతా తాజాగానే ఉందని చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఫైళ్లేవీ మారలేదు కదా. నింజా అనే టూల్ ఈ లోటును తీర్చింది. గూగుల్‌లో క్రోమ్ బ్రౌజర్ బిల్డ్ వేగంగా అవ్వాలని ఇవాన్ మార్టిన్ దాన్ని రాశాడు. ప్రతి టార్గెట్‌నీ పోయినసారి ఏ కమాండ్‌తో తయారుచేశామో అది గుర్తుపెట్టుకుని, కమాండ్ మారితే మళ్లీ తయారుచేస్తుంది. లినక్స్ కెర్నెల్ వాడే కేబిల్డ్ వ్యవస్థ మేక్ మీదే కట్టినా ఇదే పని ఇంకో దారిలో చేసుకుంటుంది: ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్ పక్కన, దాన్ని తయారుచేసిన కమాండ్‌ని ఒక దాచిన సీఎండీ ఫైల్‌లో రాసి పెట్టుకుని, తర్వాతిసారి పోల్చి చూస్తుంది.

కెర్నెల్ మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగాలి. లినక్స్‌కి బయటి నుంచి ఒక డ్రైవర్ మాడ్యూల్ కంపైల్ చెయ్యడం మనం పైన చూసిన స్ట్రక్చర్ సమస్యకే పెద్ద రూపం. మాడ్యూల్ మేక్‌ఫైల్‌లో ఉండేది తరచుగా ఒక్క లైనే: ఆబ్జ్-ఎం అనే వేరియబుల్‌కి హలో.ఓ చేర్చడం. కమాండ్ మాత్రం కొంచెం పొడుగ్గా ఉంటుంది. సి ఆప్షన్‌తో మేక్‌ని లిబ్ కింద మాడ్యూల్స్ ఫోల్డర్‌లో, నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ పేరుతో ఉన్న బిల్డ్ చోటికి పంపిస్తాం. ఎం అనే వేరియబుల్‌లో మన ఫోల్డర్ ఎక్కడుందో చెబుతాం. మాడ్యూల్స్ అనే టార్గెట్ అడుగుతాం. అంటే మన మేక్‌ఫైల్ పెత్తనం చెయ్యదు. పెత్తనం కెర్నెల్ మేక్‌ఫైల్‌ది, మనది దానికి అందించే చీటీ మాత్రమే. హలో.కేఓ అనే ఫైల్ చేతికొస్తుంది.

ఇంత తతంగం ఎందుకంటే, కెర్నెల్ లోపలి స్ట్రక్చర్ల రూపం దాని కాన్ఫిగరేషన్‌ని బట్టి మారుతుంది. ఒక ఆప్షన్ ఆన్ చేస్తే ఒక ఫీల్డు వచ్చి చేరుతుంది, ఆఫ్ చేస్తే పోతుంది. వేరే హెడర్లతో కంపైల్ చేసిన మాడ్యూల్ ఈ కెర్నెల్‌లోకి ఎక్కితే, ఖాతా నిల్వ బదులు రకం చదివినట్టే తప్పు చోట చదువుతుంది, తప్పు చోట రాస్తుంది. ఈసారి ఫలితం తప్పు అంకె దగ్గర ఆగదు, మొత్తం సిస్టం కూలిపోవచ్చు. అందుకే కెర్నెల్ నమ్మకం మీద బండి నడపదు. ప్రతి మాడ్యూల్ మీదా వెర్‌మ్యాజిక్ అనే ముద్ర ఉంటుంది. కెర్నెల్ వెర్షన్, కొన్ని ముఖ్యమైన కాన్ఫిగరేషన్ వివరాలు అందులో ఉంటాయి. మాడ్‌ఇన్ఫో కమాండ్‌తో దాన్ని చూడొచ్చు. ముద్ర కలవకపోతే మాడ్యూల్‌ని ఎక్కించే ఇన్స్‌మాడ్ కమాండ్ "ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అంటుంది. అసలు కారణం మాత్రం కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్‌లో దొరుకుతుంది. కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక నిన్నటిదాకా పనిచేసిన మాడ్యూల్ ఎక్కకపోవడానికి మామూలుగా ఇదే కారణం. మాడ్‌వెర్షన్స్ ఆన్ చేసిన కెర్నెళ్లలో కాపలా ఇంకా లోతుగా ఉంటుంది: కెర్నెల్ బయటికి ఇచ్చే ప్రతి ఫంక్షన్‌కీ, అది వాడే స్ట్రక్చర్ల నిర్వచనాలతో సహా లెక్కగట్టిన సీఆర్‌సీ అనే తనిఖీ అంకె ఉంటుంది. మాడ్యూల్‌లో ఉన్న అంకెతో అది కలవాలి. మామూలు సి ప్రోగ్రాంలో లింకర్ చెయ్యని తనిఖీ ఇది. మన బ్యాంకు ప్రోగ్రాంకి ఇలాంటిది ఉండుంటే ఆ బగ్ లింక్ చేసేటప్పుడే పట్టుబడేది.

జావా లోకంలో మాడ్యూల్ అంటే వేరే సరుకు గానీ జబ్బు అదే. మావెన్ ప్రాజెక్టులో కోర్, వెబ్ అని రెండు మాడ్యూల్స్ ఉన్నాయి, వెబ్ కోర్ మీద ఆధారపడింది. మొత్తం ప్రాజెక్టు బిల్డ్ చేసేటప్పుడు మావెన్‌లో రియాక్టర్ అనే భాగం వరస తేల్చి కోర్ ముందు, వెబ్ తర్వాత కంపైల్ చేస్తుంది. టైం కలిసొస్తుందని పీఎల్ ఆప్షన్‌తో వెబ్ ఒక్కదాన్నే బిల్డ్ చెయ్యమంటే మావెన్ కోర్ సోర్సు వైపు చూడదు. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసినప్పుడు లోకల్ రిపాజిటరీలో చేరిన పాత జార్ (కంపైలైన జావా కోడ్ మూట) తీసుకుని పని కానిచ్చేస్తుంది. కోర్‌లో ఇప్పుడే సరిచేసిన బగ్ వెబ్‌లో అలాగే కనపడుతుంది. స్టీవ్ జాన్సన్ ఉదయం మళ్లీ మొదలు. పీఎల్ పక్కన ఏఎం ఆప్షన్ చేర్చాలి. అప్పుడు వెబ్‌తో పాటు దానికి కావాల్సిన మాడ్యూల్స్ కూడా బిల్డ్ అవుతాయి. కోర్ మారితే దాని మీద ఆధారపడ్డవన్నీ బిల్డ్ అవ్వాలంటే ఏఎండీ. ఈ రెండూ తెలియకుండా పీఎల్ వాడటం ప్రమాదమే అంటాను.

సమయం చూసి నిర్ణయించే పద్ధతికి సొంత బలహీనతలున్నాయి. కోడ్ వెర్షన్లను దాచే గిట్‌లో ఒక బ్రాంచికి వెళ్లి వెంటనే వెనక్కి వస్తే, రెండు బ్రాంచుల్లో తేడా ఉన్న ఫైళ్లన్నిటికీ కొత్త సమయం పడుతుంది. లోపల ఏమీ మారకపోయినా అన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. ఇది టైం వృథా మాత్రమే. రెండోది అసలైన హాని: పాత సమయంతో సహా కాపీ చేసిన ఫైల్ మారినట్టే కనపడదు. నెట్‌వర్క్ డిస్కు మీద, రెండు మెషిన్ల గడియారాలు కలవనప్పుడు మేక్ "క్లాక్ స్క్యూ" వార్నింగ్ ఇస్తుంది, బిల్డ్ అసంపూర్తిగా ఉండొచ్చని అదే ఒప్పుకుంటుంది. గ్రేడిల్, 2015లో గూగుల్ బయటపెట్టిన బేజెల్ లాంటి బిల్డ్ టూల్స్ సమయాన్ని నమ్ముకోకుండా ఫైల్ లోపలి సరుకుకి హ్యాష్ (సరుకు మారితే మారిపోయే గుర్తు అంకె) కట్టి చూస్తాయి. బేజెల్ ఇంకో అడుగు ముందుకేసి, వీలైన చోట ప్రతి కమాండ్‌నీ శాండ్‌బాక్స్‌లో, చెప్పిన ఫైళ్లు మాత్రమే కనపడేలా నడుపుతుంది. హెడర్ పేరు చెప్పడం మర్చిపోతే కంపైలర్‌కి ఆ హెడర్ దొరకదు, బిల్డ్ అక్కడికక్కడే ఆగుతుంది. చెప్పని ఆధారాన్ని ఇలా మొదట్లోనే ఎర్రర్‌గా మార్చడమే సరైన దారి అని నా నమ్మకం. కాకపోతే దానికి ఖర్చుంది: ప్రతిదీ వివరంగా రాసుకోవాలి. చిన్న ప్రాజెక్టుకి అంత బరువు అక్కర్లేదు.

చెప్పని ఆధారాలు బయటపడే ఇంకో చోటు జే ఆప్షన్. మేక్‌కి జే 8 అని ఇస్తే ఒకేసారి ఎనిమిది పనులు నడుస్తాయి. యాక్ లాంటిదే అయిన బైసన్ అనే టూల్ తయారుచేసే పార్సర్.హెచ్‌ని లెక్సర్.సి ఇంక్లూడ్ చేస్తుందనుకోండి, ఆ సంగతి మేక్‌ఫైల్‌లో లేదనుకోండి. జే లేకుండా నడిపితే, జాబితాలో పార్సర్ పేరు ముందు రాసి ఉన్నందువల్ల హెడర్ ముందే తయారై ఉంటుంది. ఏళ్ల తరబడి అదృష్టం మీద బండి నడుస్తుంది. జే ఇవ్వగానే రెండూ ఒకేసారి మొదలవుతాయి. హెడర్ ఇంకా పుట్టకముందే లెక్సర్ కంపైలింగ్ మొదలైతే బిల్డ్ ఫెయిల్. మళ్లీ కొడితే ఈసారికి హెడర్ ఉంటుంది కాబట్టి పాస్. "జే వాడితే మేక్ సరిగ్గా పనిచెయ్యదు" అనే అపవాదు చాలావరకు ఇలా వచ్చిందే. ప్రతి సబ్‌ఫోల్డర్‌లోనూ విడిగా మేక్‌ని పిలిచే పెద్ద ప్రాజెక్టుల్లో ఇది ఇంకా ముదురుతుంది. ఒక మేక్‌కి రెండో మేక్ గ్రాఫ్ కనపడదు, ఏ ఒక్కదానికీ పూర్తి బొమ్మ తెలియదు. ఈ పద్ధతి ఎంత హానికరమో పీటర్ మిల్లర్ 1990ల చివర్లోనే వివరంగా రాశాడు.

కాబట్టి క్లీన్ కొట్టాలనిపించినప్పుడు ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే క్లీన్‌తో సాక్ష్యం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు ఎన్ ఆప్షన్‌తో మేక్‌ని నడపండి. ఏ కమాండ్లు నడపబోతోందో చూపిస్తుంది గానీ సాధారణంగా వాటిని నడపదు. మీరు మార్చిన ఫైల్ వల్ల కంపైల్ అవ్వాల్సినవన్నీ అందులో ఉన్నాయా? లేని పేరు ఏదో, ఆ టార్గెట్‌కే ఆధారం చెప్పలేదన్నమాట. అనవసరంగా కంపైల్ అవుతున్నట్టుంటే ట్రేస్ ఆప్షన్ ఇవ్వండి, ఏ ఫైల్ మారినందువల్ల ఏ టార్గెట్ కదిలిందో లైను లైనుకీ చెబుతుంది. నింజాలో ఇదే పనికి డి ఆప్షన్‌తో ఎక్స్‌ప్లెయిన్ అని ఇవ్వాలి. కమాండ్ మధ్యలో ఫెయిలై సగం రాసిన ఫైల్ మిగిలిపోతే, దాని సమయం కొత్తది కాబట్టి తర్వాతిసారి మేక్ దాన్ని పూర్తయినట్టే లెక్కేస్తుంది. మేక్‌ఫైల్‌లో డిలీట్ ఆన్ ఎర్రర్ అనే ప్రత్యేక టార్గెట్ పేరు ఒక్క లైను రాస్తే ఆ బెడద పోతుంది. ఇది మొదటి నుంచీ డీఫాల్ట్‌గా ఉండాల్సింది. 2022లో వచ్చిన గ్నూ మేక్ 4.4లో షఫుల్ అనే ఆప్షన్ చేర్చారు. కోలన్‌కి కుడివైపున ఉన్నవాటి వరసను కావాలని కలగాపులగం చేసి నడుపుతుంది. మనం రాసిన వరస మీద అదృష్టవశాత్తూ ఆధారపడి బతుకుతున్న బిల్డ్ ఏదైనా ఉంటే ఎప్పుడో పది రోజులకోసారి కాకుండా త్వరగానే ఫెయిలయ్యే అవకాశం పెరుగుతుంది. ఫెయిలైనప్పుడు అది వాడిన సీడ్ అంకెను కూడా చూపిస్తుంది. అదే అంకె మళ్లీ ఇస్తే అదే వరసలో నడుస్తుంది, పార్సర్.హెచ్ లాంటి తప్పిపోయిన లైను ఎక్కడ రాయాలో తీరిగ్గా వెతుక్కోవచ్చు.